మూడో మాళ్

పని మాట్లాడకముందే మిఠాయి పెట్టేవాళ్ళను నేను నమ్మను. ఇది నా గుణం. మార్చుకోమని చాలామంది చెప్పారు, చెవిన పెట్టలేదు. సూరత్‌లో పుట్టి పెరిగినదాన్ని, ఇక్కడ నోరు తీపి చేసేది పని అయ్యాకేనని నాకు తెలుసు. అలాంటిది, బట్టల మార్కెట్లో ఉన్న సేటు ఆఫీసుకు మొదటిసారి వెళ్ళి ఇంకా కుర్చీలో సర్దుకుని కూర్చోనైనా లేదు, ప్లేటులో ఘారీ వచ్చింది. నెయ్యిలో ముంచి తీసే మిఠాయి అది. ఒక్కటి తింటే ఆ పూట భోజనం అక్కర్లేదు. పండుగా కాదు, పబ్బమూ కాదు. ఎందుకు పెడుతున్నాడీయన? తినకపోతే మర్యాద కాదు, తింటే మొహమాటం. సగం తుంచి తిని సగం వదిలేశాను.

నేను ఆర్కిటెక్టును. ఉధ్నాలో ఒక మొబైల్ రిపేరు దుకాణం మీద చిన్న ఆఫీసు నాది. అప్పటిదాకా నేను గీసినవి ఎవరో ఇంటి మీద వేసుకునే పై అంతస్తులు, ఒకటీ అరా క్లినిక్కులు, ఒక పెళ్ళిళ్ళ హాలుకు ముందరి గోడ. ఈయన ఇస్తానంటున్నదేమో కింద దుకాణాలు, మధ్యలో ఆఫీసులు, పైన కాపురాలు ఉండే అయిదంతస్తుల భవనం. దానికి కాన్సెప్టు డిజైను చేసిపెట్టమన్నాడు. అంటే మేస్త్రీ చేతిలో పట్టుకుని కట్టే నక్షా కాదు. ఏది ఎక్కడ ఉండాలి, మనుషులు ఎటు నుంచి వచ్చి ఎటు పోతారు, గాలీ వెలుతురూ ఎలా వస్తాయి, దూరం నుంచి చూస్తే ఎలా కనిపిస్తుంది, ఇవన్నీ తేల్చే మొదటి ఆలోచన. ఇలాంటి సేట్లు అద్దాల ఆఫీసులున్న పెద్దవాళ్ళ దగ్గరికి వెళ్తారు. మొబైల్ దుకాణం మెట్లెక్కించి నా దగ్గరికి మనిషిని ఎందుకు పంపాడో నాకు అంతుబట్టలేదు.

జాగా ఎక్కడని అడిగాను. కాగితం నా ముందుకు జరిపాడు. ఉధ్నాలోనే, రైలు పట్టాలకు ఇవతల సందులో ఉన్న ఆయన పాత షెడ్డు. అడ్రసు ఇంకోసారి చదివాను. ఆ షెడ్డు వెనక మూలగదిలో మా పెద్దమ్మ మెస్సు నడుపుతుంది.

పెద్దమ్మ మా అమ్మకు అక్క. పెదనాన్న బతుకంతా సాంచెల మీద పనిచేశాడు. మరమగ్గాలను మావాళ్ళు సాంచెలంటారు. ఆ చప్పుడుకు చెవులు రెండూ పోయి, ఇప్పుడు కోసాడ్‌లో సర్కారు కాలనీ ఫ్లాటులో కిటికీ దగ్గర కూర్చుని ఉంటాడు. ఇల్లు నడిచేది మెస్సు మీదే. పెద్దమ్మ తెల్లవారేసరికి ఆటోలు మారి ఉధ్నా చేరుకుని పొయ్యి ముట్టిస్తుంది. జొన్నరొట్టె, పప్పు, పచ్చిపులుసు, ఆదివారమైతే కోడికూర. ఆ సందులో సాంచెలు నడిపే తెలంగాణ మగవాళ్ళంతా ఆమె చేతి తిండి తినేవాళ్ళే. ఆ గది పోతే ఆమెకు ఇంకో గది దొరకదు. పొయ్యి పొగ అనగానే ఎవరూ గది ఇవ్వరు, ఇచ్చినా ఆ సందులో ఇవ్వరు. సందు దాటితే ఆమె మెస్సు లేదు.

ఇదంతా నేను సేటుతో చెప్పలేదు. "మీది తెలంగాణ కదా?" అని హిందీలో అడిగాడు. అవునన్నాను. "మంచివాళ్ళు మీవాళ్ళు," అని నవ్వాడు. ఆ నవ్వు చూశాక నాకొకటి అనిపించింది. చల్లకొచ్చి ముంత దాచింది నేనొక్కదాన్నే కాదు, ఈయన వీపు వెనక కూడా ఏదో ముంత ఉంది. అయినా పని ఒప్పుకున్నాను. నేను కాకపోతే ఇంకెవరో గీస్తారు, ఆ గీసేవాళ్ళకు మా పెద్దమ్మ పొయ్యి ఎక్కడుందో పట్టదు.

మర్నాడు టేపు పట్టుకుని షెడ్డుకు వెళ్ళాను. సేటు తన సాంచెలను అప్పటికే ఊరి బయట పల్సానాకు తరలించేశాడు. లోపల నూనె మరకల నేల తప్ప ఏమీ లేదు. పై గదుల్లో కిరాయికి ఉండే మావాళ్ళు, వెనక మూల పెద్దమ్మ మెస్సు, ఇవే మిగిలాయి. సందులో మిగతా షెడ్లు మాత్రం ఎప్పటిలాగే గోల పెడుతున్నాయి. నేను గోడ కొలుస్తుంటే పెద్దమ్మ గరిటె పట్టుకుని గడపలోకి వచ్చింది.

"ఏందే, టేపు పట్టుకొని తిరుగుతున్నవ్?"

"కొలుస్తున్న పెద్దమ్మా."

"ఎవలకు?"

"సేటుకు."

ఆమె మొహం మారిపోయింది. "అయితే నిజమేనన్నట్టు. మాల్ కడ్తున్నరట గద! ఒక్కటి గూడ గాదు, అయిదు మాల్‌లట!"

"అయిదు మాల్‌లా? ఎవరు చెప్పిన్రు?"

"సేటే. మొన్నొచ్చి వాచ్‌మన్‌తోని చెప్తుంటే నా చెవులార విన్న. పాంచ్ మాల్ బన్సే అన్నడు. నాకు గుజరాతీ రాదనుకున్నడు. ఈ సందుల అయిదు మాల్‌లు ఏడ పడ్తయే? మమ్ముల మొత్తానికే లేపుతరు గావచ్చు."

నాకు నవ్వాగలేదు. గుజరాతీలో మాళ్ అంటే అంతస్తు. సేటు చెప్పింది అయిదంతస్తులు లేస్తాయని. కానీ మావాళ్ళ నోట్లో ళ నిలవదు. నీళ్ళు నీల్లే, కాళ్ళు కాల్లే. నోట నిలవనిది చెవికీ ఆనదు. పైగా సూరత్‌లో ఉండీ ఉండీ మావాళ్ళకు మాల్ అంటే సాంచె మీద నేసే గుడ్డ, లేదంటే ఎస్కలేటర్లుండే పెద్ద దుకాణం. మధ్యలో అంతస్తనేది ఒకటుందని తట్టదు. నాకు తట్టిందంటే అది మునిసిపాలిటీ తెలుగు బడిలో మా మాస్టారి పుణ్యం. ళ పలకకపోతే బెంచీ ఎక్కించేవాడు. నేనెక్కినన్ని సార్లు ఎవరూ ఎక్కలేదు.

"మాల్ కాదు పెద్దమ్మా, మాళ్. అంతస్తు."

"అదే గద నేనంటున్నది. మాల్."

"ళ. నాలుక మడత పెట్టాలె. మాళ్."

"నాలుక మడత పెట్టుడు నీకే వస్తది తల్లీ. సేటు ఉప్పు తింటున్నవ్ గద."

ఆ మాట చురుక్కుమంది. అయినా మాల్ కాదన్న వార్త పై గదుల్లోకి పాకింది. అయిదు మాల్‌ల కథ చెప్పుకుని ఒకరినొకరు ఆటపట్టించుకుంటూ వాళ్ళు నవ్వుతుంటే నాకూ ప్రాణం కుదుటపడింది. పెద్దమ్మ ఒక్కతే నవ్వలేదు. గరిటెతో నా టేపు వైపు చూపించింది.

"సరే, అంతస్తులే అనుకో. మరి నా మెస్సు ఏ మాల్ల?"

"కిందనే ఉంటది పెద్దమ్మా," అన్నాను.

"ఎవలన్నరు?"

"నేను గీస్త గద."

"నువ్వు గీస్తే అయిపోతదా?"

ఆ రోజు ఆమె నన్ను తిని పొమ్మనలేదు. ఊహ తెలిసినప్పటి నుంచి ఆ గదిలోంచి ఖాళీ కడుపుతో బయటికి వచ్చిన గుర్తు నాకు లేదు. కాళ్ళు కడుక్కో, కూసో, తిను, ఇవే ఆమె నాతో మొదట అనే మాటలు. ఆ రోజు పొయ్యి వైపు తిరిగి రొట్టె తట్టుకుంటూ ఉండిపోయింది. నాకు ఒళ్ళు మండింది. ఎవరి కోసం నేనీ తంటాలన్నీ, అనుకుంటూ స్టేషన్ దాకా నడిచి, అక్కడ వడాపావ్ తిని ఆఫీసుకు వెళ్ళాను.

కాన్సెప్టు గీయడమంటే మొదట గీతలు కాదు, సున్నాలు. దుకాణాలకొక సున్నా, ఆఫీసులకొక సున్నా, ఇళ్ళకొక సున్నా. ఏ సున్నా దేన్ని ఆనుకుని ఉండాలి, ఏది దేనికి దూరంగా ఉండాలి, అని జరుపుతూ పోవాలి. నేను అన్నిటికంటే ముందు గీసింది మెస్సు సున్నా. సాంచెల మీద పనిచేసేవాడికి భోజనం గంట అంటూ ఉండదు. పక్కవాడికి తన సాంచెలు జర చూడమని చెప్పి పరుగున వచ్చి, రెండు రొట్టెలు మింగి, చెయ్యి తుడుచుకుంటూ పరుగున పోవాలి. ఆలోగా దారం తెగితే పక్కవాడు కడతాడు, ఎక్కువసేపైతే వాడే తిడతాడు. అందుకని మెస్సు తలుపు సందులోకే ఉండాలి, నేల మీదే ఉండాలి. రోడ్డు వైపు దుకాణాలు పెట్టాను. రోడ్డు నుంచి సందులోకి భవనం మధ్యగా ఒక నడవా తీశాను. నడవా చివర, సందు మొగదల, మెస్సు. పొగ పోవడానికి దాని పక్కనే పైదాకా తెరిచిన చిన్న ఖాళీ.

థర్మకోల్‌తో నమూనా చేశాను. దుకాణాలకు తెలుపు, ఆఫీసులకు బూడిద రంగు, ఇళ్ళకు గోధుమ రంగు. మెస్సు ముక్క ఒక్కటే ఎర్రగా పెట్టాను. నిజం చెప్పాలంటే ఆ నమూనా చూసుకుని మురిసిపోయాను. ఇంత మంచి పని నేను అంతకుముందు చేయలేదు.

సేటు కూడా మురిసిపోయాడు. మళ్ళీ ఘారీ. నడవా బాగుందన్నాడు, ముందరి వరండా బాగుందన్నాడు, మేడ మీద తులసికోట పెట్టాలన్న ఆలోచన నాకెలా వచ్చిందని మెచ్చుకున్నాడు. ఆయన మెచ్చుకుంటున్నకొద్దీ నాకు గుబులు పెరిగింది. చివరికి ఆయన వేలు ఎర్ర ముక్క మీదికి వచ్చింది.

"ఇదేమిటి?"

"ఇప్పుడున్న మెస్సు. మీ కిరాయిదారులది."

ఎర్ర ముక్కను గోళ్ళతో ఊడబెరికాడు. పైకి తీసుకుపోయి వెనక మెట్ల పక్కన పెట్టి, "త్రీజో మాళ్," అన్నాడు. మూడో అంతస్తు. అక్కడ దానికి చోటు లేదు. బొటనవేలితో గట్టిగా నొక్కాడు. ముక్క మూల విరిగి టేబుల్ మీద పడింది. కింద ఖాళీ అయిన చోటును చూపించి, ఇక్కడొక షోరూము వస్తుందన్నాడు.

"మూడో అంతస్తుకు ఎక్కి ఎవరూ తినరు సేట్‌జీ. వాళ్ళకంత టైముండదు. లిఫ్టు చూస్తే ముందు వైపుంది."

"అరే బేన్, కాన్సెప్టే కదా!" అన్నాడు తేలిగ్గా. "తర్వాత ఎన్నైనా మార్చుకోవచ్చు."

ఆ మాట దగ్గర నాకు మొత్తం కళ్ళకు కట్టింది. కాన్సెప్టే కదా. మా వృత్తిలో ఇంతకంటే జారుడు మాట లేదు. కాన్సెప్టులో చెట్లు పెట్టొచ్చు, పక్షులు పెట్టొచ్చు, కిరాయిదారులకు మూడో అంతస్తూ పెట్టొచ్చు. ఎవరికీ ఏమీ బాకీ పడరు. ఇది కట్టడానికి చేయించుకుంటున్న బొమ్మ కాదేమో, చూపించడానికి చేయించుకుంటున్న బొమ్మేమో అనిపించింది. అనుమానం రావడమే ఆలస్యం, ఆయనే నోరు విప్పాడు.

"ఆదివారం పొద్దున వాళ్ళందరినీ షెడ్డులో కూర్చోబెడుతున్నాను. ఖాళీ చేస్తామని సంతకాలు పెట్టాలి. నువ్వొచ్చి ఈ బొమ్మ చూపించి, కట్టాక మూడో మాళ్ మీదేనని మీ భాషలో చెప్పు. నేను చెప్తే నమ్మరు. నువ్వు చెప్తే నమ్ముతారు."

"నేను తెలుగుదాన్నని తెలిసే ఈ పని ఇచ్చారా?"

ఆయన ఏమీ దాచలేదు. నవ్వాడు. "నీ బోర్డు మీద ఇంటిపేరు చూశాను బేన్. ఆ ఇంటిపేరువాళ్ళు నా సాంచెల మీద ఎంతమంది పనిచేశారో!"

అదీ సంగతి. ఘారీ నా చేతి పనికి కాదు, నా ఇంటిపేరుకు. నా సున్నాలు, నా నడవా, నా వరండా ఆయనకు అక్కర్లేదు. కావలసింది నా నాలుక. నాకు ఏడుపొచ్చింది, కోపం ముదిరితే వచ్చే ఏడుపు. ఆ నమూనా ఎత్తి ఆయన టేబుల్ మీదే విరగ్గొడదామనిపించింది. కానీ నేను లేచిపోతే ఏమవుతుంది? హజీరా ఫ్యాక్టరీల్లో తెలుగు ఇంజనీర్లకు కొదవా? ఎవరినో ఒకరిని పట్టుకొచ్చి చెప్పిస్తాడు, వాళ్ళు మర్యాదగా చెప్పేసి పోతారు. పెద్దమ్మ పొయ్యి రోడ్డున పడుతుంది. అందుకని నేనూ ఆయనలాగే నవ్వి, సరేనన్నాను. మిగిలిన ఘారీ కూడా తిన్నాను.

ఆదివారానికి రెండు షీట్లు ప్రింటు తీయించాను. ఒకదాంట్లో మెస్సు మూడో అంతస్తులో, ఆయన చెప్పినట్టు. ఇంకోదాంట్లో కింద, నేను మొదట గీసినట్టు. రెండోదాన్ని చుట్టి, షీట్లు మోసుకెళ్ళే గొట్టం అడుగున దాచాను. ఏం చేస్తానో నాకే సరిగ్గా తెలియదు. ఒకటే నిశ్చయించుకున్నాను. సేటుకు తెలుగు రాదు కాబట్టి, మొహం నవ్వుతూ పెట్టి నిజం చెప్పేస్తాను. ఇంట్లోవాళ్ళకు కూడా ముందుగా చెప్పలేదు. మా అమ్మ నోట్లో నువ్వుగింజ నానదు.

ఆదివారం పొద్దున షెడ్డు నిండిపోయింది. పై గదుల మగవాళ్ళంతా తలదువ్వుకుని వచ్చి నేల మీద కూర్చున్నారు. పెద్దమ్మ అందరికంటే ముందు, చెంగు బిగించుకుని కూర్చుంది. నన్ను చూసి పలకరించలేదు. ఆమె మా పెద్దమ్మ అని సేటుకు తెలియదు, ఆమె తెలియనివ్వలేదు. సేటు కుర్చీలో, ఆయన పక్కన సంతకాల కాగితాలు. నేను మొదటి షీటును గోడకు అంటించి, వేలు పెట్టి చూపిస్తూ, పెళ్ళిపందిట్లో నిలబడినట్టు నవ్వుతూ మొదలుపెట్టాను.

"అందరు జర నవ్వుకుంట వినుండ్రి. మూడో అంతస్తు ఇస్తనంటున్నడు. కింద కాదు. లిఫ్టు ముందట దుకాణపోల్లకే, మీకు ఎన్క మెట్లు. ఈ బొమ్మ ఉత్త బొమ్మ, రేపు మార్చిన అడిగెటోడు లేడు. కిందనే ఇస్తనని రాసిస్తె తప్ప దస్కత్తు పెట్టకుండ్రి."

ఎవరూ నవ్వలేదు. గుసగుసలు లేచాయి. సేటు నా వైపు మెచ్చుకోలుగా తల ఊపాడు. నాకు లోపల గర్వంగా ఉంది. గట్టెక్కాననే అనుకున్నాను.

అప్పుడు పెద్దమ్మ లేచింది. కూరగాయల బండ్లవాళ్ళతో రోజూ కొట్లాడి నేర్చుకున్న గుజరాతీలో, సేటు మొహం మీదే అడిగింది.

"శేఠ్, ఆ ఛోక్రీ సహీ నహీ కర్వాను కహే ఛే. సాచు?"

ఈ పిల్ల సంతకం పెట్టొద్దంటోంది, నిజమేనా, అని!

ఓసి పెద్దమ్మా! ఇంత చేసి, ఇంత దాచి, నీ కోసం నోరు విప్పితే, పోయి పోయి అతన్నే అడుగుతావా? ఆమె మొహంలో వెటకారం లేదు, నన్ను ఇరికించాలనీ లేదు. సేటు దగ్గర పనిచేసే ఆర్కిటెక్టు తెలుగులో చెప్పింది కదా, అందులో ఏ మెలిక ఉందోనని సేటునే అడిగి సరిచూసుకుంటోంది. మా ఇద్దరినీ ఒకే తక్కెడలో వేసింది.

సేటు నవ్వు ఆగిపోయింది. నన్ను చూశాడు, ఆమెను చూశాడు. "ఎందుకు పెట్టొద్దట?" అన్నాడు.

నన్ను నోరెత్తనివ్వకుండా పెద్దమ్మే చెప్పింది. మూడో మాళ్‌కు ఎక్కి ఎవడూ రొట్టె తినడని, సాంచెలు వదిలి అంతసేపు ఎవడూ రాడని, సేటు తన సాంచెల సంగతి తనే మర్చిపోయాడా అని. చివరికి చేతిని నేల వైపు చూపించి, "నీచే ఆపో," అంది. కింద ఇవ్వు. వెనక కూర్చున్న మగవాళ్ళు కూడా ఒక్కొక్కరే అందుకున్నారు. నీచే, నీచే.

సేటు నుదురు రుద్దుకున్నాడు. సంతకాలు లేకుండా షెడ్డు కూలగొట్టలేడు. "బేన్, ఇది కాన్సెప్టే కదా, మార్చుకోవచ్చు," అన్నాడు పెద్దమ్మతో, మళ్ళీ అదే మాట.

"తో బద్లో," అంది పెద్దమ్మ. అయితే మార్చు.

మార్చిన బొమ్మ తయారుగానే ఉందని గొట్టం అడుగు నుంచి రెండో షీటు తీసి పరిచాను. సేటు కళ్ళు చిన్నవయ్యాయి. పెద్దమ్మ కళ్ళు ఇంకా చిన్నవయ్యాయి.

"రెండు బొమ్మలు తెచ్చినవా? మూడోది గిట్ల ఉన్నదా?" అని గొట్టం నా చేతిలోంచి లాక్కుని, తలకిందులు చేసి దులిపి చూసింది. ఆ సభలో మొదటిసారి అందరూ నవ్వారు.

తర్వాత షీటు మీద వంగి, నేను గీసిన గది చుట్టూ వేలు తిప్పింది. "ఇది మెస్సని ఎట్ల తెలుస్తది? తెలుగుల రాయి. నేను సదువుకుంట." నేను ఆ గదిలో తెలుగులో రాశాను. ఆమె కూడబలుక్కుని చదివింది. "కిం-ది మాల్. మెస్సు. ఆఁ." నేను రాసింది ళ. చదివింది ల. దిద్దే ధైర్యం నాకు లేదు.

"ఇగ దస్కత్తు," అంది. సేటు కాగితాలు ముందుకు జరిపాడు. పెద్దమ్మ వాటిని ముట్టుకోలేదు. పెన్ను తీసి సేటు చేతిలోనే పెట్టింది. ముందు ఆయన ఆ బొమ్మ మీద, ఆ గది పక్కన, సంతకం పెట్టాలట. ఆయన ఆ గదిని ఒకసారి చూసి, పెట్టేశాడు. అంత తేలిగ్గా పెట్టాడేమిటని నాకు మళ్ళీ అనుమానం. సందు వైపు గదికి షోరూము ధర రాదని ఈపాటికి లెక్క వేసుకుని ఉంటాడు. నేను ఊపిరి పీల్చుకునేలోగా పెన్ను నా వైపు తిరిగింది.

"నువ్వు గూడ పెట్టు. నువ్వే గీసినవ్ గద."

పరాయిదాని చేత పెట్టించుకున్నట్టు పెట్టించుకుంది. సిరా ఆరేదాకా ఊది, షీటు చుట్టి చంకలో పెట్టుకుంది. అప్పుడు తన సంతకం పెట్టింది.

ఆ తర్వాత సేటు నుంచి నాకు ఫోను రాలేదు. కట్టే నక్షాలు ఇంకో ఆఫీసుకు ఇచ్చాడని విన్నాను. మా వృత్తిలో ఇది మామూలే, కాన్సెప్టు ఒకరిది, కట్టడం ఇంకొకరిది. కానీ నాకు తిండి సయించలేదు. సున్నాలు గీసినదాన్ని నేను, గోడలు గీసేది ఎవరో. నా నడవా ఉంటుందో ఊడుతుందో, ఎర్ర ముక్క ఎక్కడికి ఎగిరిపోతుందో. పెద్దమ్మ మాత్రం ఆ షీటుకు ప్లాస్టిక్ వేయించింది. గది ఎవరూ ఇవ్వక, సందులోనే ఎదురుగా ఒక షెడ్డు వసారాలో తాత్కాలికంగా పొయ్యి పెట్టుకుని, రోజూ మధ్యాహ్నం వంట దించాక ఆ షీటు పట్టుకుని కట్టుబడి దగ్గరికి పోయి నిలబడేదట. ఎక్కడ గోడ లేస్తే అక్కడ షీటు పెట్టి చూసేదట. ఆమె వస్తుంటే మేస్త్రీలు "ఇనస్పెట్టర్ ఆయీ" అని ఒకళ్ళకొకళ్ళు చెప్పుకునేవాళ్ళని మా అమ్మ చెప్పింది. మా అమ్మకు నవ్వు, నాకు గుండెదడ.

ఈ మధ్య భవనం పూర్తయింది. నా వరండా లేదు. తులసికోట లేదు. నడవాను సగానికి సగం ఇరుకు చేశారు. నేను రోడ్డు నుంచి ఆ ఇరుకు నడవాలో నడుచుకుంటూ, చివర ఏం కనిపిస్తుందోనని భయపడుతూ పోయాను. సందు మొగదల గది ఉంది. నేల మీదే ఉంది. తలుపు ఉంది. తలుపుకు బిల్డరు తాళం మీద ఇంకో తాళం, పాతది, తుప్పు పట్టినది. అది కోసాడ్ ఫ్లాటు తాళం, నేను గుర్తుపట్టాను. తలుపు బిగించిన రోజే వేసిందట.

పెద్దమ్మ వసారాలోంచి చూసి, చేతులు తుడుచుకుంటూ వచ్చింది. లోపల చూస్తానన్నాను. తాళంచెవులు నాకివ్వలేదు. రెండు తాళాలూ తనే తీసి, నేను లోపలికి వెళ్ళి పొగ పోయే ఖాళీ ఉందో లేదో తల ఎత్తి చూసుకుని వచ్చేదాకా గడపలో కాపలా నిలబడి, మళ్ళీ తనే వేసింది. వేసి రెండుసార్లు లాగి చూసింది. నాకు ఇన్నాళ్ళుగా కడుపులో ఉన్నది బయటికి వచ్చేసింది.

"నన్ను గూడ నమ్మలేదు గద పెద్దమ్మా. నీ చెల్లె బిడ్డను. అందరి ముందట సేటును అడిగినవ్."

ఆమె తాళంచెవులను కొంగున ముడి వేసుకుంటోంది. తల ఎత్తలేదు.

"నమ్మితే మూడో మాల్ల ఉంటుంటి గదనే," అంది. "దా, కాల్లు కడుక్కో. తిందువు."